పది రోజులు బడి మానిన పిల్లల్ని మళ్ళీ పాఠాల్లో పెట్టడం ఎలా? (6, 7, 8 తరగతులకు)

వానలు మొదలయ్యాయంటే ఒకటే ప్రశ్న. "మా వాడికి డెంగీ వచ్చి పది రోజులు స్కూల్‌కి పోలేదు. ఏడో తరగతి. నోట్సులన్నీ పెండింగ్. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" ఎండలు ముదిరేముందు ఇదే ప్రశ్న ఆటలమ్మ పేరుతో వస్తుంది, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఊరి ప్రయాణాల పేరుతో వస్తుంది. కారణం ఏదైనా చేయాల్సిన పని దాదాపు ఒకటే. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాం.

చాలా ఇళ్ళలో మొదటి రోజే అరువు తెచ్చిన నోట్సుల కట్ట పిల్లవాడి ముందు పెట్టి "కూర్చుని రాయి" అంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. ముందు ఇవాళ్టి పాఠం అర్థం కావాలి. దానికి అడ్డుపడుతున్న పాత పాఠం నేర్చుకోవాలి. ఆ తర్వాతే నోట్సు. ఈ వరుస తిరగబడితే పది రోజుల బాకీ నెల రోజుల బాకీ అవుతుంది. పిల్లవాడు పాతవి ఎక్కిస్తూ కూర్చుంటాడు, కొత్తవి రోజూ జారిపోతుంటాయి.

బాకీ నిజంగా ఎంతో లెక్క వేద్దాం. పది రోజుల్లో ఆదివారం, రెండో శనివారం పోతే 8 పనిదినాలు. రోజుకు 8 పీరియడ్ల చొప్పున 64. వింటే గుండె గుభేలుమంటుంది. అందులోంచి ఆటలు, లైబ్రరీ, కంప్యూటర్, జీకే, స్టడీ అవర్ తీసేయండి. జవాబులు డిక్టేట్ చేసినవి, కరెక్షన్లకు పోయినవి, స్లిప్ టెస్టులకు పోయినవి కూడా తీసేయండి. లెక్కల్లో రెండు మూడు అభ్యాసాలు, సైన్సులో ఒకటో రెండో పాఠాలు, సోషల్‌లో ఒకటి, భాషల్లో ఒక్కో పాఠం మిగులుతాయి. రోజుకు 40 నిమిషాలు కూర్చుంటే రెండు వారాల్లో తీరిపోతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- స్కూల్ డైరీ, క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఆ పది రోజుల హోంవర్క్ మెసేజులు
- టెక్స్ట్‌బుక్కులు (గైడు వద్దు, ఎందుకో తర్వాత చెప్తాం)
- ఒక ఎ4 కాగితం, ఒక రఫ్ నోట్సు, పెన్సిలు
- అరువు నోట్సులు, లేదా వాటి ఫొటోలు
- జామెట్రీ బాక్స్ (కంపాస్ స్క్రూ బిగుతుగా ఉందో చూడండి)
- డాక్టర్ చీటీ, లీవ్ లెటర్
- టైమర్ కోసం గోడ గడియారం చాలు. ఫోన్‌లో టైమర్ పెడితే ఫోన్ చేతిలోనే ఉంటుంది

1. బడికి వెళ్ళే ముందు రోజే క్లాస్ టీచర్‌కి చెప్పండి

అసలు వెళ్ళొచ్చో లేదో ముందు డాక్టర్ని అడగండి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాలి. కొత్తవి ఒక్కటి లేస్తున్నా పంపకూడదు, పక్క బెంచీ పిల్లలకు అంటుకుంటుంది. డెంగీ మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు. కానీ జ్వరం తగ్గాక కూడా నీరసం వారాలపాటు ఉండొచ్చు.

ఫోన్ చేయడం కంటే రాసి పంపడం మేలు. మేడమ్‌కి నలభై మంది పిల్లలు, మాటగా చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. ఇలా పంపితే సరిపోతుంది:

"నమస్కారం మేడమ్. మా పాప 7-బి, రోల్ నంబర్ ఫలానా. డెంగీ వల్ల ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు రాలేదు. రేపటి నుంచి వస్తోంది. మెడికల్ సర్టిఫికెట్ పంపిస్తున్నాము. మూడు విషయాలు చెప్తారా: ఈ మధ్యలో పెట్టిన టెస్టులు ఏవి, ప్రాజెక్టులు ఏమైనా ఇచ్చారా, నోట్సు పూర్తి చేయడానికి ఎప్పటిదాకా సమయం ఉంటుంది? రెండు వారాలు డ్రిల్, గేమ్స్ వద్దని డాక్టర్ చెప్పారు."

చివరి వాక్యం మీ డాక్టర్ చెప్పినదాన్ని బట్టి మార్చుకోండి. లీవ్ లెటర్ కాగితం మీద కూడా పంపి, ఒక ఫొటో మీ దగ్గర పెట్టుకోండి. హాజరు గురించి తర్వాత ఎవరైనా అడిగితే అదే ఆధారం.

2. బాకీల పట్టిక వేయండి

ఎ4 కాగితం అడ్డంగా పెట్టి ఐదు గడులు గీయండి: సబ్జెక్టు, పాఠం లేదా అభ్యాసం, ఇప్పుడు నడుస్తున్న పాఠానికి ఇది కావాలా, నేర్చుకున్నాడా, నోట్సు రాశాడా. డైరీ, వాట్సాప్ చూసి పిల్లవాడే నింపాలి, మీరు కాదు. 20 నిమిషాల పని.

మూడో గడి అన్నిటికంటే ముఖ్యం. అక్కడ "కావాలి" అని పడినవే మొదటి వారం పని. మామూలుగా లెక్కలన్నీ, ఇంగ్లిష్ గ్రామర్, సైన్సులో సగం అందులోకి వస్తాయి. సోషల్ దాదాపు రాదు, ఎందుకంటే మొఘలుల పాఠం తప్పిపోయినా వర్షపాతం పాఠం అర్థమవుతుంది.

కార్పొరేట్ స్కూల్ అయితే ఫౌండేషన్ మెటీరియల్, ఒలింపియాడ్ వర్క్‌షీట్లు కూడా పెండింగ్‌లో కనిపిస్తాయి. వాటిని పట్టికలోకి ఎక్కించకండి. టెక్స్ట్‌బుక్ పాఠం రాకుండా వాటిని ముట్టుకుంటే రెండూ పోతాయి.

3. నోట్సులు సరైన చోటు నుంచి తెచ్చుకోండి

ఫస్ట్ ర్యాంకు పిల్లల నోట్సే కావాలని పట్టుబట్టొద్దు. టీచర్ కరెక్షన్ చేసి సంతకం పెట్టిన నోట్సు కావాలి. కరెక్షన్ కానిదాంట్లోంచి ఎక్కిస్తే వాళ్ళ తప్పులు కూడా మీ ఇంటికి వస్తాయి.

ఒక రోజుకు రెండు సబ్జెక్టుల నోట్సులే అడగండి, తెల్లారి తిరిగిచ్చేయండి. ఇచ్చిన పిల్లవాడికి కూడా హోంవర్క్ ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు పగటి వెలుతురులో, నోట్సు బల్ల మీద పరిచి, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని పేజీకొక ఫొటో తీయండి. నాలుగు అంచులూ పడ్డాయో లేదో అప్పుడే చూడండి. వాట్సాప్‌లో పంపించుకుంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే అక్షరాలు మసకబారి, లెక్కల్లో ఘాతాలు, దశాంశ బిందువులు కనబడవు.

నోట్సు ఇచ్చేవాళ్ళు లేకపోతే మొహమాటపడకుండా సబ్జెక్ట్ టీచర్‌నే అడగమనండి. పక్క సెక్షన్‌కీ ఆ టీచరే చెప్తుంటే ఆ సెక్షన్ నోట్సు అయినా పనికొస్తుంది. చాలామందికి ఇది తట్టదు.

4. మొదటి మూడు రోజులు ఇవాళ్టి పాఠమే

తిరిగి వెళ్ళిన మొదటి మూడు సాయంత్రాలు పాత బాకీ జోలికి పోవద్దు. ఆ రోజు చెప్పింది చదవడం, ఆ రోజు హోంవర్క్ ఆ రోజే ఫెయిర్ నోట్సులో రాయడం, అంతే.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "ముందు పాతది రాయాలి కదా, ఇవాళ్టిది తర్వాత రాస్తా" అని పిల్లలు కొత్త పాఠాన్ని రఫ్‌లో రాసుకొస్తారు. అలా కొత్త బాకీ పుడుతుంది. దీనికి ఉపాయం పేజీలు వదలడం. ఫ్రెండ్ నోట్సులో తప్పిపోయిన భాగం ఎన్ని పేజీలుందో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి ఖాళీ వదలండి. ఖాళీ మొదటి పేజీలో పై మూల పెన్సిలుతో "ఆబ్సెంట్" అని తేదీలు రాయించండి. టీచర్ నోట్సు తిరగేసినప్పుడు నిర్లక్ష్యం అనుకోరు.

బ్యాగు బరువు కూడా ఈ వారం చూడండి. 6, 7 తరగతులకు 3 కిలోలు, 8వ తరగతికి 4 కిలోలు మించొద్దని 2020లో కేంద్రం చెప్పింది. చాలా స్కూళ్ళలో అమలు ఎలా ఉందో మీకు తెలిసిందే. నీరసంగా ఉన్న పిల్లలకు టైంటేబుల్ ప్రకారం సర్దిన పుస్తకాలే పంపండి. పాత నోట్సుల ఖాళీలు నింపడానికి స్కూల్‌కి మోసుకెళ్ళే పని లేదు.

5. లెక్కలు: నాలుగో రోజు నుంచి, రోజుకు 25 నిమిషాలు

బాకీ తీర్చే 40 నిమిషాల్లో సగానికి పైగా లెక్కలకే ఇవ్వండి. లెక్కల్లో ఒక మెట్టు లేకపోతే పై మెట్టు ఎక్కలేరు. పూర్ణసంఖ్యల గుర్తులు రాకపోతే సమీకరణాలు రావు, భిన్నాలు రాకపోతే నిష్పత్తి, శాతం రావు.

ముందు ఎక్కడ ఆగిపోయాడో చూడాలి. ఏడో తరగతి పిల్లలకు ఈ ఐదు ఇచ్చి పది నిమిషాలు టైం పెట్టండి:

అ) −3 − (−8)
ఆ) 3/4 ÷ 1/2
ఇ) 2ఎక్స్ + 7 = 19
ఈ) 3(ఎక్స్ − 2) = 12
ఉ) 240లో 15 శాతం

సరైన జవాబులు వరుసగా 5, 3/2, 6, 6, 36. తప్పు జవాబును కొట్టేసి ఊరుకోవద్దు, లోపం ఎక్కడో అదే చెప్తుంది:

- మొదటిదానికి −11 వచ్చిందా? రెండు మైనస్‌లు పక్కపక్కన వస్తే ఏం చేయాలో తెలియట్లేదు. సంఖ్యారేఖ దగ్గరకు తీసుకెళ్ళండి.
- రెండోదానికి 3/8 వచ్చిందా? భాగహారంలో రెండో భిన్నాన్ని తిప్పకుండా గుణించేశాడు.
- మూడోదానికి 13 వచ్చిందా? 7ని అటువైపు పంపుతూ గుర్తు మార్చలేదు. "అటు పోతే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టించే బదులు రెండు వైపులా 7 తీసేయడం కాగితం మీద చేయించండి.
- నాలుగోదానికి 14/3 వచ్చిందా? బ్రాకెట్ బయటి 3తో లోపలి రెండింటినీ గుణించాలని తెలియదు.
- ఐదోదానికి 16 వచ్చిందంటే 240ని 15తో భాగించాడన్నమాట. శాతం అంటే నూటికి ఎంత అన్న దగ్గరే మొదలుపెట్టాలి.

ఆరో తరగతికి 1/2 + 1/3 ఒక్కటి ఇచ్చి చూడండి. జవాబు 5/6. పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 2/5 అన్నారంటే భిన్నాలు తప్పిపోయినట్టే. ఎనిమిదో తరగతికి 5ఎక్స్ − 3 = 3ఎక్స్ + 7. జవాబు 5. అక్కడ 2 వస్తే మళ్ళీ గుర్తు గొడవే.

ఇక అభ్యాసాలు చేయించే పద్ధతి. టెక్స్ట్‌బుక్‌లో ప్రతి అభ్యాసం ముందు సాధించిన ఉదాహరణలు ఉంటాయి. ఉదాహరణ లెక్క చదివి, సాధన మీద కాగితం కప్పి, రఫ్‌లో తనంతట తను చేసి, తర్వాత కాగితం తీసి పోల్చుకోవాలి. అవి వచ్చాక అభ్యాసంలో 1, 3, 5, 7 ఇలా ఒకటి విడిచి ఒకటి చేస్తే చాలు. ఆఖరి రెండు లెక్కలు మాత్రం వదలొద్దు, కష్టమైనవి అక్కడే ఉంటాయి. పదింట్లో 8 వస్తే ముందుకు వెళ్ళండి. 6 కంటే తక్కువొస్తే అదే అభ్యాసం మళ్ళీ మళ్ళీ చేయించకుండా దానికి ముందున్న మెట్టుకు దిగండి.

అరువు నోట్సులోని లెక్కను చూసి ఎక్కిస్తే నేర్చుకున్నట్టు కాదు. నిర్మాణాల విషయంలో ఇది మరీ నిజం. కంపాస్ పట్టకుండా త్రిభుజం గీయడం రాదు. 5, 6, 7 సెంటీమీటర్ల భుజాలతో ఒక త్రిభుజం గీయించి కోణాలు కొలిపించండి. సుమారుగా 78, 57, 44 డిగ్రీలు రావాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా పర్వాలేదు. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే చాపం గీసేటప్పుడు కంపాస్ వదులైంది, లేదా స్కేలు మీద సున్నా నుంచి కాకుండా అంచు నుంచి కొలిచాడు.

మీకు లెక్కలు రాకపోయినా ఇవన్నీ చూడొచ్చు. బేసి లెక్కల జవాబులైనా, సరి లెక్కల జవాబులైనా పుస్తకం వెనక ఉన్నాయేమో చూడండి.

6. సైన్సు, సోషల్

సైన్సులో తప్పిపోయిన పాఠాన్ని బొమ్మల నుంచి మొదలుపెట్టండి. పాఠంలోని బొమ్మ చూసి, పుస్తకం మూసి, గీసి, భాగాల పేర్లు రాయగలిగితే సగం పాఠం వచ్చినట్టే. తర్వాత కృత్యాలు. ల్యాబ్ తప్పిపోయిందని బాధపడక్కర్లేదు, ఈ తరగతుల్లోవి చాలావరకు ఇంట్లో అవుతాయి. ఆమ్లాలు, క్షారాల పాఠమే తీసుకోండి. అర చెంచా పసుపును కొద్ది నీళ్ళలో కలిపి తెల్ల కాగితం ముక్కలకు పూసి ఆరబెట్టండి. సబ్బు నీటి చుక్క వేస్తే ఎర్రబడుతుంది. దాని మీదే నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, పక్కన మీరున్నా సరే.

సోషల్‌కి పాఠం ఒకసారి బయటికి చదవడం, మ్యాపు పని ఉంటే చేయడం. మిగతాది పరీక్షల ముందు చూసుకోవచ్చు.

7. భాషలు

ఇంగ్లిష్‌లో పాఠం ప్రశ్న జవాబుల కంటే ఆ పది రోజుల్లో చెప్పిన గ్రామర్ అంశం ముఖ్యం. ప్యాసివ్ వాయిస్ తప్పిపోతే ఆ ఏడాదంతా తప్పిపోయినట్టే ఉంటుంది. రోజుకు ఆరు వాక్యాలు మార్పించండి, అంతకంటే వద్దు.

తెలుగులో పద్యం తప్పిపోతే కంఠస్థం ఒక్కటే చేయించి వదిలేస్తారు. ప్రతిపదార్థం చూడకుండా బట్టీ పడితే పదాలను తప్పుగా విరుస్తారు, పరీక్షలో ఒక పాదం మరచిపోగానే మొత్తం ఆగిపోతుంది. ముందు అర్థం, తర్వాత రోజుకు రెండు పాదాలు. సంధులు తప్పిపోయుంటే సూత్రం కంటే ముందు ఉదాహరణలు విడగొట్టించండి: దేవాలయం, మహేంద్రుడు, అత్యంత, ఏకైక. నాలుగూ నాలుగు సంధులు. విడగొట్టడం వస్తే పేరు తర్వాత అదే వస్తుంది.

హిందీ ఇంట్లో ఎవరికీ రాదనుకోండి. ఫ్రెండ్ చేత పాఠం చదివించి ఆడియో పంపమనండి. అది వింటూ పుస్తకంలో వేలు పెట్టి రెండుసార్లు చదవాలి. ఈ తరగతుల్లో హిందీ మార్కులు ఎక్కువగా మాత్రల (అచ్చుల గుర్తుల) దగ్గర పోతాయి, కాబట్టి పాఠంలోని పది పదాలు రోజూ డిక్టేషన్ పెట్టండి.

8. ఇప్పుడు నోట్సు నింపండి

రోజుకు 20 నిమిషాలు లేదా రెండు పేజీలు, ఏది ముందయితే అది. ఆదివారం 45 నిమిషాల చొప్పున రెండు సార్లు కూర్చోవచ్చు. రాత్రి పదకొండు దాకా రాయించొద్దు. ఆ సమయంలో రాసినది చెయ్యి రాస్తుందే తప్ప బుర్రకెక్కదు. పైగా కోలుకుంటున్న ఒళ్ళు.

ప్రతి సబ్జెక్ట్ టీచర్‌నీ ఒక మాట అడగమనండి: "జిరాక్స్ అతికించుకోవచ్చా?" సోషల్‌కి, సైన్సు బిట్లకి చాలామంది సరేనంటారు. లెక్కలకి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. అతికించేటప్పుడు అంచులు కత్తిరించి గ్లూ స్టిక్ వాడండి. నీళ్ళ గమ్‌తో పేజీ ముడతలు పడి రెండో వైపు రాయడానికి పనికిరాదు. ఇండెక్స్‌లో పాఠం పేరు, పేజీ నంబరు ఎక్కించడం మరచిపోవద్దు. నోట్సు చెకింగ్‌లో మొదట చూసేది అదే.

మీరు రాసిపెట్టకండి. టీచర్‌కి పిల్లల దస్తూరి కంటే తల్లుల దస్తూరి త్వరగా పట్టుబడుతుంది.

గైడు ఎందుకు వద్దన్నామంటే, గైడులో జవాబు క్లాసులో చెప్పిన జవాబుకు వేరుగా ఉంటుంది. కరెక్షన్‌లో కొట్టేస్తే మళ్ళీ రాయాలి.

9. తప్పిపోయిన టెస్టు సంగతి తేల్చుకోండి

తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులంటే స్లిప్ టెస్ట్ ఒక్కటే కాదు. తరగతిలో పాల్గొనడం, రాత పనులు, ప్రాజెక్టు కూడా అందులో భాగమే. కాబట్టి టెస్ట్ రోజున లేకపోయినా ప్రాజెక్టు, నోట్సు సమయానికి ఇస్తే ఆ మార్కులు పోవు. సీబీఎస్ఈ స్కూళ్ళలో ఈ తరగతుల పీరియాడిక్ టెస్టుల పద్ధతి స్కూల్‌ని బట్టి ఉంటుంది. ఎక్కడైనా అడగాల్సినవి ఇవి: మళ్ళీ పెడతారా, ఏ తేదీన, పెట్టకపోతే ప్రోగ్రెస్ కార్డులో ఏం రాస్తారు? క్లాస్ టీచర్‌కి తెలియకపోతే ఎగ్జామ్ ఇన్‌ఛార్జిని అడగండి.

మళ్ళీ పెట్టకపోయినా ప్రశ్నపత్రం ఇంటికి తెప్పించండి. 20 మార్కుల పేపర్‌కి 40 నిమిషాలు పెట్టి రాయించి, పుస్తకం చూసి మీరే దిద్దండి. మార్కుల కోసం కాదు, పాఠం వచ్చిందో లేదో తెలియడానికి.

గ్రూప్ ప్రాజెక్టులో పేరు ఉందో లేదో కూడా కనుక్కోండి. పిల్లవాడు లేని రోజుల్లో గ్రూపులు వేసుంటే ఎవరి గ్రూపులోనూ ఉండడు, అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటాడు. బెంచీ మారిపోయి, పక్కన కూర్చునే స్నేహితుడు వేరేవాళ్ళతో కలిసిపోయినా ఇంట్లో చెప్పరు. "స్కూల్‌కి వెళ్ళను, కడుపునొప్పి" అంటే చదువు భయమో ఇదో చూసి, క్లాస్ టీచర్ చెవిన వేయండి.

10. బాకీ తీరిందో లేదో చూడండి

తిరిగి వెళ్ళిన పద్నాలుగో రోజు సుమారుగా:

- పట్టికలో నాలుగో గడి ప్రతి వరుసకీ నిండి ఉండాలి. ఐదో గడిలో ఒకటి రెండు మిగిలినా పర్వాలేదు.
- ముందు చేసిన లెక్కల్లోంచి అంకెలు మార్చి ఐదు ఇవ్వండి. నాలుగు రావాలి. అవే అంకెలతో ఇస్తే జవాబు గుర్తుంటుంది, పద్ధతి తెలియదు.
- ఏదో ఒక సైన్సు పాఠం పుస్తకం మూసి మూడు నిమిషాలు తెలుగులోనే చెప్పమనండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు నోట్సు జవాబును గడగడా అప్పజెప్తారు, అర్థమైందో లేదో తెలుగులో చెప్పినప్పుడు తెలిసిపోతుంది.
- ఇవాళ్టి హోంవర్క్ ఎవర్నీ అడక్కుండా చేస్తున్నాడా? ఇది అన్నిటికంటే నమ్మదగిన గుర్తు.

పరిస్థితి వేరేగా ఉంటే

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళయితే బాకీ పని పొద్దున్న 6 గంటలకు పెట్టండి. రాత్రి ఎనిమిదికి మీరూ అలసిపోతారు, వాడూ అలసిపోతాడు. పది రోజుల బాకీ కోసం కొత్తగా ట్యూషన్ పెట్టకండి. ట్యూషన్ సార్ తన వరుసలో మొదలుపెడతారు, స్కూల్‌ది ఇంకో వరుస. లెక్కల్లో ఒక అంశమే పట్టుబడకపోతే స్కూల్ టీచర్‌నే స్టడీ అవర్‌లో రెండు రోజులు కూర్చోబెట్టమని అడగండి.

హాస్టల్ పిల్లలైతే పట్టిక కాగితం పిల్లల దగ్గరే ఉండాలి, ఒక కాపీ వార్డెన్‌కి ఇవ్వండి. అవుటింగ్ రోజున మీరు చూడాల్సింది నాలుగో గడి.

మూడు వారాలు దాటి మానేస్తే ఈ లెక్క సరిపోదు. అప్పుడు ప్రిన్సిపాల్‌ని కలిసి, నోట్సు మొత్తం రాయడం నుంచి మినహాయింపు ఇచ్చి పాఠాలకే పరిమితం చేయమని రాతపూర్వకంగా అడగండి. లెక్కలు, ఇంగ్లిష్ గ్రామర్, సైన్సు వరకే తీసుకుని రోజుకు గంట చొప్పున ఆరు వారాలకు పట్టిక వేయండి. సోషల్, రెండో భాష దసరా లేదా సంక్రాంతి సెలవులకు వాయిదా వేయండి. సెలవుల్లో కూడా రోజుకు గంటకు మించొద్దు, మధ్యాహ్నం లోపు అయిపోవాలి.